ఊరి పని, ఊరు దాటిన నిర్ణయం

(చాండ్లర్‌లో జరిగిన సాంస్కృతికోత్సవంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన విషయం పేరు వింటేనే కొందరు కాఫీ కోసం లేచిపోతారేమోనని నా భయం. "అంతర్జాతీయ వాణిజ్య నిబంధనలు, ప్రభుత్వ విధానాలు, స్థానిక సంస్థల సేవలు" అట! పద్యపఠనానికీ కూచిపూడికీ మధ్య ఇలాంటిదాన్ని ఇరికించిన కార్యదర్శిగారి ధైర్యాన్ని మెచ్చుకోవాలి. అయితే ఒక్క మనవి. మీ ఇంటి ముందు పెట్టే చెత్తడబ్బా, ఈ ఉదయం మీరు తిప్పిన కుళాయి, సోమవారం మీ అమ్మాయి వెళ్ళే బడి, అక్కడ మన ఊళ్ళో మేనత్తగారు తెచ్చుకునే రేషను బియ్యం, ఈ నాలుగింటి గురించే నేను మాట్లాడబోతున్నాను. ఆ పొడుగాటి పేరును ఇంతటితో మరిచిపోదాం.

కొత్తగా ఈ దేశం వచ్చినప్పుడు ప్రభుత్వం అంటే వాషింగ్టన్ అనుకుంటాం. నిజానికి మన నిత్యజీవితంలో వాషింగ్టన్ కనబడేది పన్నుల కాగితంలోనూ వీసా కాగితంలోనూ మాత్రమే. నీళ్ళిచ్చేది చాండ్లర్ నగరం. చెత్త తీయించేది, నిప్పంటుకుంటే పరుగెత్తుకొచ్చేది, గ్రంథాలయం నడిపేది, మన వాళ్ళు ఆదివారం క్రికెట్ ఆడుకునే పార్కులో గడ్డి కోయించేది, అన్నీ నగరమే. దానికి ఒక మేయరు, ఆరుగురు కౌన్సిలు సభ్యులు. బడి మాత్రం నగరానిది కాదు. దానికి వేరే జిల్లా, వేరే బోర్డు, వేరే ఎన్నిక. పడమటివైపు ఇళ్ళ పిల్లలు చాలామంది కైరీన్ జిల్లా బడులకు వెళ్తారు, మిగతావారిలో ఎక్కువమంది చాండ్లర్ యూనిఫైడ్‌కి వెళ్తారు. ఇంత చిన్న చిన్న ముక్కలుగా అధికారం పంచిన దేశం ఇంకొకటి ఉన్నదో లేదో గాని, పంచడం మాత్రం బాగానే పంచారు.

మన దేశంలోనూ ఆ ప్రయత్నం జరిగింది. రాజ్యాంగానికి 73వ, 74వ సవరణలు 1992 డిసెంబరులో ఆమోదం పొంది 1993లో అమలులోకి వచ్చాయి. పంచాయతీలకు 29 విషయాలు, మునిసిపాలిటీలకు 18 విషయాలు అప్పగించవచ్చునని పట్టికలు రాశారు. తాగునీరు, పారిశుద్ధ్యం, వీధి దీపాలు, ప్రాథమిక విద్య వంటివన్నీ వాటిలో ఉన్నాయి. మా నాన్నగారి తరంవారు పంచాయతీ ప్రెసిడెంటు పదవికి మీసాలు మెలేసి పోటీ చేసేవారు గాని, ఆ పదవి చేతిలో డబ్బు ఎంత అని అడిగితే మీసం దిగిపోయేది. ఆ కొరత తీరుతుందని ఈ సవరణల మీద చాలామంది ఆశ పెట్టుకున్నారు.

ఇక్కడొక కాలక్రమం గమనించండి. 1993లో అధికారం ఢిల్లీ నుంచి కిందికి, గ్రామానికి దిగుతుందన్నారు. 1994 ఏప్రిల్‌లో మొరాకోలోని మరాకేష్ పట్నంలో వాణిజ్య ఒడంబడికల మీద సంతకాలయ్యాయి. 1995 జనవరి 1న జెనీవాలో ప్రపంచ వాణిజ్య సంస్థ తలుపులు తెరిచింది. అంటే ఒక చేత్తో కిందికి దించిన అధికారంలో కొంత భాగాన్ని రెండేళ్ళు తిరక్కుండానే ఇంకో చేత్తో పైకి అందించారు. రెండూ మంచి ఉద్దేశంతో చేసిన పనులే కావచ్చు. కాని ఆ రెండు చేతులూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేదు. నా ప్రసంగమంతా ఆ మాట్లాడుకోని చేతుల గురించే.

మొదట చెత్త సంగతి. పండగ పూట చెత్త మాటేమిటని పెద్దలు కోప్పడవద్దు, భోగి మంట కూడా చెత్తతోనే మొదలు గదా.

మనం కాగితం, అట్టపెట్టెలు, ప్లాస్టిక్ సీసాలు వేరే డబ్బాలో వేస్తాం. పిల్లలకు బడిలో నేర్పారు, వాళ్ళు మనకు నేర్పారు. ఆ డబ్బాలోది ఎక్కడికి పోతుందో మనం ఎన్నడూ అడగలేదు. చాలా ఏళ్ళపాటు అమెరికాలో పోగైన పాత కాగితంలోనూ ప్లాస్టిక్‌లోనూ పెద్ద భాగం ఓడలెక్కి చైనా వెళ్ళేది. అక్కడి నుంచి సరుకులు తెచ్చిన ఓడలు ఖాళీగా తిరిగి వెళ్ళేకన్నా ఇది నయం గనక రవాణా చవక. ఊళ్ళకు నాలుగు డబ్బులు కూడా వచ్చేవి. 2017 జూలైలో చైనా ప్రపంచ వాణిజ్య సంస్థకు ఒక కాగితం పంపింది. 24 రకాల వ్యర్థాలను ఆ సంవత్సరాంతం నుంచి తమ దేశంలోకి రానివ్వమన్నది దాని సారాంశం. 2018 మార్చి నుంచి మిగతావాటిలోనూ మలినం అర శాతం మించరాదన్నారు. అర శాతం! మన ఇళ్ళలో నూనె అంటిన పిజ్జా పెట్టె ఒక్కటి చాలు ఆ లెక్క తప్పడానికి.

చైనాను నేను తప్పు పట్టను. ఇతరుల చెత్త మా ఇంట్లో వద్దనడం ఎవరికైనా హక్కే. ఆ తరువాత భారతదేశం కూడా 2019లో ప్లాస్టిక్ వ్యర్థాల దిగుమతిని నిషేధించింది. నేను చూడమనేది దెబ్బ ఎక్కడ తగిలిందన్నది. వాషింగ్టన్‌కు తగల్లేదు. జెనీవాకు అసలే తగల్లేదు. దేశమంతటా పట్టణాల చెత్త పద్దు తలకిందులయింది. నిన్నటిదాకా డబ్బు తెచ్చిన సరుకును ఇవాళ డబ్బిచ్చి వదిలించుకోవాల్సి వచ్చింది. మన ఫీనిక్స్ లోయలోనే, వాయవ్యాన ఉన్న సర్‌ప్రైజ్ నగరం 2019లో ఇంటింటి రీసైక్లింగు ఆపేసి, ఆ డబ్బాలోదాన్ని కూడా చెత్తగుట్టకే పంపింది. ఊరి పేరుకు తగ్గట్టే జరిగిందని అప్పట్లో నవ్వుకున్నారు. కాని అక్కడి మునిసిపల్ ఉద్యోగులకు అది నవ్వులాట కాదు. వారిని ఎవరూ సంప్రదించలేదు. జెనీవాలో ఆ కాగితం మీద అభిప్రాయం చెప్పే అవకాశం దేశాలకు ఉంటుంది, ఊళ్ళకు ఉండదు.

మరి ఆ నిబంధనలు ఊళ్ళను ఏమంటున్నాయి? ఆ పత్రాలు చదవడం శ్రమే. వాటితో పోలిస్తే కరణంగారి అడంగలు ఎంతో సులభం. అయినా రెండు ముక్కలు చెప్పాలి. సరుకుల ఒడంబడికలో ఒక నియమం ఉంది. తన పరిధిలోని రాష్ట్రాలూ స్థానిక సంస్థలూ ఈ ఒప్పందాన్ని పాటించేటట్టు తనకు చేతనైన సమంజసమైన చర్యలు ప్రతి దేశమూ తీసుకోవాలని దాని తాత్పర్యం. సేవల ఒడంబడిక ఇంకొక అడుగు ముందుకు వేసింది. కేంద్రం చేసినా, రాష్ట్రం చేసినా, ఊరు చేసినా అది దేశం చేసిన పనిగానే లెక్క అన్నది. సంతకం ఢిల్లీది లేక వాషింగ్టన్‌ది. పూచీ మాత్రం పంచాయతీ ఆఫీసు వరకూ పాకుతుంది.

ప్రభుత్వ సేవలకు మినహాయింపు లేదా అంటే, ఉంది. ప్రభుత్వాధికారంతో నడిపే సేవలు ఆ ఒడంబడికలోకి రావు. కాని దానికి రెండు షరతులున్నాయి. ఆ సేవ వ్యాపార పద్ధతిలో నడవకూడదు, దానికి పోటీగా ఇంకెవరూ ఉండకూడదు. ఊరంతటికీ ఒక్క మునిసిపల్ బడే ఉన్న రోజుల్లో ఆ షరతులు నెరవేరేవి. ఇవాళ మన వీధి చివర సర్కారు బడి, దాని పక్కన కాన్వెంటు, ఎదురుగా ఇంకో కార్పొరేట్ బడి. ఆ మినహాయింపు సర్కారు బడికి వర్తిస్తుందా లేదా అని పండితులు వాదించుకుంటున్నారు. ఆచరణలో ఒక దేశం ఏ రంగాన్ని తెరుస్తానని తన పట్టికలో రాసిచ్చిందో దాన్ని బట్టే బాధ్యత ఏర్పడుతుంది గనక పెద్ద ప్రమాదం ముంచుకురాలేదు. ఆ పట్టికలో ఏం రాయాలో నిర్ణయించే గదిలో బడి నడిపేవారెవరూ ఉండరన్నదే నా ఫిర్యాదు.

ఇప్పుడు మీకొక తమాషా అయిన తగాదా చెబుతాను. ఇది మన రెండు దేశాల మధ్య జరిగింది. భారతదేశం సౌరవిద్యుత్ పథకంలో దేశీయంగా తయారైన పలకలనే వాడాలని షరతు పెట్టింది. అది విదేశీ సరుకు పట్ల వివక్ష అని అమెరికా జెనీవాలో దావా వేసి, 2016 సెప్టెంబరులో పై స్థాయి అప్పీలులో కూడా గెలిచింది. సరిగ్గా అదే నెలలో భారతదేశం ఎదురు దావా వేసింది. మీ రాష్ట్రాలు చేస్తున్నదేమిటి, స్థానికంగా తయారైన సామగ్రి వాడితే అదనపు ప్రోత్సాహకాలు ఇవ్వడం లేదా అని అడిగింది. 2019 జూన్‌లో తీర్పు భారతదేశం వైపు వచ్చింది. అందులో దోషులుగా నిలిచినవి వాషింగ్టన్, కాలిఫోర్నియా, మోంటానా, మసాచుసెట్స్, కనెటికట్, మిచిగన్, డెలవేర్, మినెసోటా రాష్ట్రాల పథకాలు. మొత్తం 8 రాష్ట్రాలు.

ఆ రాష్ట్రాల్లో మన తెలుగువాళ్ళు లేని పట్నం ఉందా చెప్పండి? కాలిఫోర్నియాలో ఉన్న మన బావగారు ఇంటి కప్పు మీద సౌరపలకలు వేయించుకుంటుంటే, ఆయన పుట్టిన దేశం ఆయన ఉంటున్న రాష్ట్రం మీద దావా వేసిందన్నమాట! ఇందులో న్యాయం ఎవరిదంటే ఇద్దరిదీనూ, ఇద్దరి తప్పూనూ. తమ ఊళ్ళో నాలుగు ఉద్యోగాలు వచ్చేటట్టు కరెంటు పథకం రాసుకోవడం అక్కడా తప్పుగా తేలింది, ఇక్కడా తప్పుగా తేలింది. అమెరికా అప్పీలు చేసింది. 2019 డిసెంబరు నుంచి ఆ అప్పీలు న్యాయపీఠమే పనిచేయడం మానేసింది, కొత్త సభ్యుల నియామకానికి అమెరికాయే అడ్డుపడింది గనక. చివరికి 2023 జూన్‌లో ఉభయ దేశాల పెద్దలు కలుసుకున్నప్పుడు ఆరు తగాదాలను ఒక్కసారిగా చాలించుకున్నారు. అందులో ఈ రెండూ ఉన్నాయి. దావా వేసినప్పుడు రాష్ట్రాలను అడగలేదు, రాజీ చేసుకున్నప్పుడూ అడగలేదు. పొలం గట్టు తగాదాలో కూడా కౌలుదారును ఒకసారి పిలిచి అడుగుతారు.

చాండ్లర్ బడి సంగతికి వద్దాం. మన ఊరు ఇంత పెరగడానికి చిప్పులే కారణమని మీకందరికీ తెలుసు. 1980లో ఈ ఊరి జనాభా సుమారు 30 వేలు. ఇంటెల్ ఇక్కడ మొదటి కర్మాగారం తెరిచింది ఆ సంవత్సరంలోనే. 2020 జనాభా లెక్కలో 2 లక్షల 76 వేలు. 1996లో ఒకటియో ఆవరణలో ఉత్పత్తి మొదలైంది. ఆ సంవత్సరాంతంలోనే సింగపూరులో కంప్యూటర్ సామగ్రి మీద, చిప్పుల మీద సుంకాలు ఎత్తివేసే ఒప్పందం కుదిరింది. సుంకం లేని చిప్పు దేశదేశాలు తిరిగింది, ఆ చిప్పు వెనకాలే మనమూ ఇక్కడికి వచ్చాం. వాణిజ్య నిబంధనలను తిట్టడానికే నేను లేచానని ఎవరైనా అనుకుంటే అది సరి కాదు. ఈ హాలులో ఉన్నవారిలో సగం మంది అన్నం ఆ నిబంధనల పుణ్యమే.

అయితే అన్నం పెట్టే చేతికి ఒక పద్దు ఉంటుంది. విదేశీ వాణిజ్య మండలం అన్న ఏర్పాటు అమెరికాలో 1934 నాటి చట్టం నుంచి ఉంది. స్థలం దేశం లోపలే ఉంటుంది, సుంకాల లెక్కలో మాత్రం బయట ఉన్నట్టు భావిస్తారు. ఫీనిక్స్ నగరం పేర 75వ నంబరు మండలం ఉంది. కేంద్రం ఇచ్చేది సుంకంలో వెసులుబాటు. దాని మీద అరిజోనా రాష్ట్రం తన వంతు ఇంకొకటి కలిపింది. ఆ మండలంలోని ఆస్తికి పన్ను లెక్క కట్టేటప్పుడు విలువలో 5 శాతమే పరిగణిస్తారు. మామూలు వ్యాపార ఆస్తికి 2021 దాకా 18 శాతం ఉండేది, తరువాత ఏటా కొంచెం కొంచెం తగ్గించుకుంటూ వస్తున్నారు. కోట్ల డాలర్ల యంత్రాలున్న కర్మాగారానికి ఆ తేడా ఎంత అవుతుందో మీరే లెక్క వేసుకోండి, మనలో లెక్కలు రానివాళ్ళు తక్కువ.

ఈ ఆస్తిపన్ను మీద ఆధారపడేది ముఖ్యంగా బడి. రాష్ట్రం కొంత భర్తీ చేస్తుంది, నిజమే. కాని మీరు నవంబరు బ్యాలెట్ మీద చూసే ఓవర్‌రైడు, బాండు అన్నవి స్థానిక ఆస్తి విలువ మీదనే నడుస్తాయి. ఒక పెద్ద ఆస్తి లెక్కలో చిక్కిపోతే మిగిలిన ఇళ్ళ మీద రేటు పెరగాలి, లేకపోతే సంగీతం మాస్టారి ఉద్యోగం పోవాలి. ఇందులో మెచ్చుకోదగ్గది ఒకటుంది. ఇలాంటి హోదా కోరే సంస్థ ఇక్కడి పన్ను సంస్థల నుంచి, అంటే నగరం, కౌంటీ, బడి జిల్లాల నుంచి, సమ్మతి లేఖలు తెచ్చుకోవాలి. లేఖ ఇచ్చేముందు బదులుగా ఇంత చెల్లించమని బడి బోర్డు అడగవచ్చు. సుంకం విషయంలో వాషింగ్టన్ చెప్పిందే మాట, బడి విషయంలో మాత్రం చాండ్లర్ మాట చెల్లుతుంది. అలాంటి లేఖల మీద చర్చ జరిగే రోజున హాలులో కుర్చీలు చాలావరకు ఖాళీగా ఉంటాయి. క్రికెట్ ఆటకు వచ్చేవారిలో పదోవంతు వచ్చినా బోర్డువారు తడబడతారు.

రాష్ట్రం గురించి ఒక చిన్న మాట. 2023లో అరిజోనా ఆదాయపన్నును అందరికీ ఒకటే 2.5 శాతం చేసింది. అలా నగరాలకు వచ్చే వాటా తగ్గిపోతుందని, పంచే భాగాన్ని 15 శాతం నుంచి 18కి పెంచింది. బాగుంది. కాని 2025 జనవరి 1 నుంచి అద్దె ఇళ్ళ మీద నగరాలు వసూలు చేసుకునే పన్నును తీసేసింది. ఒక చేత్తో పెట్టి ఒక చేత్తో తీసుకోవడం రాష్ట్రాలకూ తెలుసు. అద్దెకిచ్చిన ఇళ్ళున్న మిత్రులు నవ్వుతున్నారు, చూస్తున్నాను! పోలీసు జీతాలకు ఆ డబ్బే కొంత వెళ్ళేదని వారికి గుర్తు చేస్తున్నాను.

ఇనుము సంగతి కూడా ఇలాంటిదే. కేంద్ర నిధులతో నీటి గొట్టాలు వేస్తే ఇనుమూ ఉక్కూ అమెరికాలో తయారైనవే కావాలన్నది 2021 చట్టం. విదేశీ ఉక్కు మీద సుంకం 2018లో 25 శాతం, 2025 జూన్‌లో 50 శాతం అయింది. సుంకం పెరిగితే దేశీయ ఉక్కు వ్యాపారి ధర తగ్గిస్తాడా? ఊరి నీటిశాఖకు రెండు దారుల్లోనూ ఖర్చే.

ఇక నీళ్ళు. మన నీళ్ళు సాల్ట్, వెర్డే నదుల నుంచీ, కాలువ మీదుగా కొలరాడో నది నుంచీ, కొంత భూమిలోంచీ వస్తాయి. కొలరాడోలో అరిజోనా వాటా ఏటా 28 లక్షల ఎకరా అడుగులు. మన భాషలో చెప్పాలంటే సుమారు 122 టీఎంసీలు. కృష్ణలో 1973లో బచావత్ ట్రిబ్యునల్ మన ఉమ్మడి రాష్ట్రానికి ఇచ్చినది 800 టీఎంసీలని తలుచుకుంటే, ఎడారిలో ఎంత పొదుపుగా బతుకుతున్నామో తెలుస్తుంది. ఆ నది మీద దేశాల మధ్య ఒప్పందమూ ఉంది. 1944 సంధి ప్రకారం మెక్సికోకు ఏటా 15 లక్షల ఎకరా అడుగులు వదలాలి. నది తగ్గినా కాగితం మీది అంకె తగ్గడానికి మళ్ళీ రెండు దేశాలూ కూర్చోవాలి. 2022 సంవత్సరానికి మొదటిసారి కొరత ప్రకటించినప్పుడు అరిజోనాకు 5 లక్షల 12 వేల ఎకరా అడుగుల కోత పడింది. ముందు దెబ్బ తిన్నది పినాల్ కౌంటీ రైతులు. రైతే ముందు దెబ్బ తినడం మనకు కొత్త కాదు.

ఇంతలో 2022 ఆగస్టులో చిప్పుల చట్టం వచ్చింది. చైనాతో పోటీ, దేశ రక్షణ, స్వదేశీ ఉత్పత్తి అన్నవి వాషింగ్టన్ ఆలోచనలు. చిప్పు కడగడానికి నీళ్ళు కావాలన్నది చాండ్లర్ ఆలోచన. ఈ ఊరు ఈ విషయంలో తెలివిగా ప్రవర్తించిందని నా అభిప్రాయం. కర్మాగారం వాడిన నీటిలోని ఉప్పు తీసి శుద్ధిచేసే కేంద్రాన్ని కంపెనీ ఖర్చుతో కట్టించి నగరం తన చేతిలో పెట్టుకుంది. 2015లోనే పెద్ద నీటి వాడకందార్లకు ఎంత ఇవ్వాలన్న దానికి ఒక నియమం రాసుకుంది. పెద్దవాళ్ళ తగాదాలో చిన్నవాడు ముందుచూపుతో చేసిన పని అది.

మొన్న మొన్నటి సంగతి ఒకటి చెప్పాలి. 2025లో ప్రైస్ రోడ్డు దగ్గర కృత్రిమ మేధ కోసం ఒక డేటా కేంద్రం కడతామన్నారు. దాని తరఫున మాజీ సెనేటరు కిర్‌స్టెన్ సినిమా మాట్లాడారు. ఆవిడ ఇంటిపేరు నిజంగా సినిమాయే, నవ్వకండి. స్థానిక అధికారాన్ని దాటేసే కేంద్ర శాసనం రాబోతోంది, ఇప్పుడైతే నిర్ణయం మీ చేతిలో ఉంది అన్నది ఆవిడ వాదన. రేపు ఎలాగూ మీ మాట చెల్లదు గనక ఇవాళే ఒప్పుకోండి అని నాకు వినబడింది. డిసెంబరులో కౌన్సిలు ఓటు వేసింది. ఏడుగురికి ఏడుగురూ వద్దన్నారు. ఆ కేంద్రం మంచిదా చెడ్డదా అన్న వాదనలోకి నేను పోను, ఈ హాలులోనే రెండు పక్షాలవారూ ఉన్నారు. అడిగే హక్కు ఉన్నవారు అడిగారు, వినాల్సినవారు విన్నారు, నిర్ణయం ఊళ్ళోనే జరిగింది. ఇలా జరగడం ఎంత అరుదో ఇప్పటివరకు చెప్పిన కథలను బట్టి మీకే తెలుస్తుంది.

రేషను బియ్యం మిగిలింది. 1983లో ఎన్.టి. రామారావుగారు కిలో రెండు రూపాయల బియ్యం పెట్టినప్పుడు నాలాంటివాళ్ళు డిపో ముందు సంచీ పట్టుకుని నిలబడ్డారు. ఆ బియ్యం తిని చదువుకుని ఇక్కడికి వచ్చినవారు ఈ హాలులో ఉన్నారు, చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సింది లేదు. రాష్ట్రం మొదలుపెట్టిన ఆ పని తరువాత దేశమంతటికీ నమూనాల్లో ఒకటయింది. 2013లో ఆహార భద్రత చట్టం వచ్చింది. 2023 జనవరి నుంచి ఆ చట్టం కింద ధాన్యం ఉచితం. నేటికీ ధాన్యం కొనుగోలు నుంచి డిపో దాకా పని నడిపించేది చాలావరకు రాష్ట్రాల పౌరసరఫరాల వారే.

జెనీవా లెక్క ఇలా ఉంటుంది. ప్రభుత్వం రైతుకు ఇచ్చే మద్దతు ధరను 1986-88 నాటి ధరతో పోలుస్తారు. ఆ తేడా అంతా సబ్సిడీ కింద రాస్తారు. ఆ సబ్సిడీ పంట విలువలో 10 శాతం మించకూడదు. నలభై ఏళ్ళ కిందటి ధర! అప్పుడు విజయవాడలో ఇడ్లీ ఎంతో, ఇవాళ ఎంతో మీకు తెలుసు. ఆ తేడా అంతా హోటలువాడి దురాశ అంటే ఎలా ఉంటుందో ఈ లెక్క అలా ఉంటుంది. భారతదేశం పోట్లాడి 2013 డిసెంబరులో బాలి సమావేశంలో ఒక రక్షణ సంపాదించింది. శాశ్వత పరిష్కారం దొరికేదాకా ఆ నిల్వల మీద దావా వేయమని మిగతా దేశాలు ఒప్పుకున్నాయి. 2014లో దాని గడువు కూడా తీసేశారు. 2018-19 పంటలో బియ్యం విషయంలో మనం పది శాతం గీత దాటాం. ఆ సంగతి 2020లో జెనీవాకు తెలియజేసి ఆ రక్షణను వాడుకున్న మొదటి దేశం మనదే. అప్పుడు చూపిన లెక్కలో పంట విలువ 4,367 కోట్ల డాలర్లు, సబ్సిడీ సుమారు 500 కోట్ల డాలర్లు.

దీనివల్ల మేనత్తగారి బియ్యం ఒక్క నెల కూడా ఆగలేదు. ఆ మాట నిజాయితీగా చెప్పాలి. కాని అది ఇతరుల దయతో దొరికిన వెసులుబాటు, హక్కు కాదు. వ్యవసాయం, నీరు, ఆరోగ్యం మన రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలోవే. అయినా 253వ అధికరణం ప్రకారం విదేశీ ఒప్పందం అమలుకు పార్లమెంటు వాటిపై కూడా చట్టం చేయవచ్చు. హైదరాబాదూ అమరావతీ డిపోలు నడుపుతాయి, వాటి తరఫున జెనీవాలో మాట్లాడేది ఢిల్లీ.

రాష్ట్రాలను అడిగి చేసిన సందర్భమూ లేకపోలేదు. 1990లలో ప్రభుత్వ కొనుగోళ్ళ ఒడంబడికలో చేరే ముందు వాషింగ్టన్ ఇక్కడి గవర్నర్లను సమ్మతి అడిగింది. 37 రాష్ట్రాలు ఒప్పుకున్నాయి, అరిజోనా ఒప్పుకుంది. మన పక్కనున్న నెవాడా, న్యూ మెక్సికో ఒప్పుకోలేదు. వాటికేమీ మునిగిపోలేదు. ఆ ఒడంబడికలో భారతదేశం నేటికీ సభ్యురాలు కాదు, 2010 నుంచి పరిశీలకురాలు మాత్రమే. అడిగితే కొందరు అవునంటారు, కొందరు కాదంటారు, ఒప్పందం ఆగిపోదు. మిగతా ఒప్పందాల్లో మాత్రం ఎందుకు అడగరాదన్నది నాకు నేటికీ అర్థం కాని ప్రశ్న.

కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు గనక ఒక్క సమాచారంతో ముగిస్తాను. అరిజోనా చట్టం ప్రకారం నగర కౌన్సిలుగాని, బడి బోర్డుగాని సమావేశానికి కనీసం 24 గంటల ముందు ఏమేమి చర్చిస్తారో బహిరంగంగా ప్రకటించాలి. వాణిజ్య మండలం అన్నా, పన్ను తగ్గింపు అన్నా, సమ్మతి లేఖ అన్నా ఆ కాగితంలో ఒక్క వరుసలో ఉంటుంది, చిన్న అక్షరాలలో. చదవడం మనకు కష్టం కాదు, మనలో కరణాల మనుమలు చాలామందే ఉన్నారు. ఇక్కడ పుట్టిన మన పిల్లలకు పద్దెనిమిది నిండగానే ఓటుంది, వీసా గొడవ లేదు, మాట్లాడేందుకు భయం లేదు. ఆ కాగితం చదివి, మూడు నిమిషాలు మైకు దగ్గర నిలబడగలవారు ఈ సంవత్సరం నలుగురైనా కావాలి. పేర్లు ఇవ్వదలచినవారు భోజనాల దగ్గర నన్ను కలవండి.

పిల్లలు గజ్జెలు కట్టుకుని తెర వెనక అరగంట నుంచి నిలబడి ఉన్నారు. సెలవు.